‘మీరు’ ఎక్కడ ‘నువ్వు’ అవ్వాలి? ‘మిస్ పెట్టిగ్రూ’కు తెలుగు సబ్‌టైటిళ్ళు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ‘మిస్ పెట్టిగ్రూ లివ్స్ ఫర్ ఎ డే’ (2008) సినిమాను ఇంగ్లీషు అంతగా రాని మీ అమ్మగారికీ, ఆవిడ స్నేహితురాళ్ళకీ చూపించాలని తెలుగు సబ్‌టైటిళ్ళు రాయడం మొదలుపెట్టారు. రెండొందల లైన్ల దగ్గర ఆగిపోయారు. ఇంగ్లీషులో అందరికీ ఒకే ‘యూ’. తెలుగులో ఎవరు ఎవర్ని ‘మీరు’ అనాలో, ఎవరు ‘నువ్వు’ అనాలో తేలడం లేదు. పైగా రాసినంతవరకూ చదువుకుంటే నవ్వు రావడం లేదు అంటున్నారు.

ముందు సూటిగా జవాబు. నటి డెలీసియా తన దగ్గరికి పనికి వచ్చిన మిస్ పెట్టిగ్రూని ‘మీరు’ అని మొదలుపెట్టి, సినిమా సగం దాటాక ‘నువ్వు’లోకి రావాలి. మిస్ పెట్టిగ్రూ ‘మీరు’ పట్టుకునే ఉండాలి, ఒక్కచోట మాత్రం వదిలెయ్యాలి. ఆ ఒక్కచోటు ఏదో కింద చెబుతాను. పెట్టిగ్రూకి పరిచయమయ్యే పెద్దమనిషి జో, పెట్టిగ్రూ చివరి సీను దాకా ఒకరికొకరు ‘మీరే’. ఇక నవ్వు రాకపోవడానికి కారణం బహుశా మీరు ఎక్కువ రాస్తూ ఉండటం.

నేను పద్నాలుగేళ్ళుగా సబ్‌టైటిళ్ళు రాసి బతుకుతున్నాను. ఈ సినిమాకి మాత్రం డబ్బులు లేకుండా రాశాను, విశాఖపట్నంలో మా ఫిల్మ్ క్లబ్బు కోసం. మూడుసార్లు తిరగరాశాను. మీరు ఇప్పుడు పడుతున్న తిప్పలన్నీ నేను అప్పుడు పడినవే.

సినిమా చూడనివాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి కథ రెండు ముక్కల్లో. (చూడాలనుకునేవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. తర్వాత కూడా కథ బయటపడుతూనే ఉంటుంది, ముందే చెబుతున్నా.) 1939, లండన్. నడివయసు గవర్నెస్ మిస్ పెట్టిగ్రూని మళ్ళీ ఉద్యోగంలోంచి తీసేశారు. పని ఇప్పించే ఏజెన్సీ కూడా ఇక నీకు పని లేదు పొమ్మంది. ఆవిడ ఆ బల్ల మీదున్న ఒక చిరునామా కార్డు కొట్టేసి, నేరుగా డెలీసియా లఫాస్ అనే నటి ఇంటికి వెళ్తుంది. అక్కడ ఆవిడని సెక్రటరీ అనుకుంటారు. వెళ్ళగానే మొదటి పని: పడగ్గదిలో ఉన్న ఫిల్ అనే కుర్రాణ్ణి, నిక్ వచ్చేలోపు బయటికి పంపించడం. ఫిల్ నాటకంలో వేషం ఇవ్వగలడు. ఆ ఇల్లు, ఆవిడ పాడే నైట్‌క్లబ్బు నిక్‌వి. మైఖేల్ అనే పియానో వాయించేవాడి దగ్గర ఏమీ లేదు, ప్రేమ తప్ప. అన్నీ ఒక్క రోజులోనే. మర్నాడు తెల్లారేసరికి డెలీసియా మైఖేల్‌తో న్యూయార్క్ వెళ్ళాలా వద్దా తేల్చుకోవాలి. ఈ గొడవ మధ్యలో పెట్టిగ్రూకి జో అనే పెద్దమనిషి పరిచయమవుతాడు. ఫ్రాన్సిస్ మెక్‌డార్మండ్ పెట్టిగ్రూ, అమీ ఆడమ్స్ డెలీసియా, కియరాన్ హైండ్స్ జో.

మనవాళ్ళకు ఇంకో సంగతి. దర్శకుడు భరత్ నల్లూరి గుంటూరులో పుట్టినవాడు, చిన్నప్పుడే ఇంగ్లండ్ వెళ్ళి న్యూకాజిల్‌లో పెరిగాడు. 1938లో వచ్చిన మూల నవల రాసిన వినిఫ్రెడ్ వాట్సన్‌ది కూడా న్యూకాజిలే. క్లబ్బులో ఈ మాట చెప్పగానే ఒకాయన “అయితే మన గుంటూరు సినిమానే” అన్నాడు. అంత దూరం లాగక్కర్లేదు గానీ, పోస్టర్ మీద ఆ పేరు వేస్తే మాత్రం పదిమంది ఎక్కువ వచ్చారు.

ఇక అసలు విషయం.

నా మొదటి డ్రాఫ్టులో డెలీసియా చేత మొదటినుంచీ ‘నువ్వు’ అనిపించాను. నా లెక్క ఏమిటంటే, ఆవిడ యజమాని, ఈవిడ జీతానికి వచ్చిన మనిషి. ఇంట్లో పనిచేసేవాళ్ళని మనం ఎలా పిలుస్తామో అలా. ఐదారుగురు స్నేహితులకి వేసి చూపించాను. పావుగంటకే ఒకావిడ “ఈ పిల్లకి ఇంత పొగరేమిటి, అంత పెద్దావిడని పట్టుకుని” అంది. అక్కడితో సినిమా పోయింది. డెలీసియాకి వెయ్యి అవలక్షణాలు ఉండొచ్చు, పొగరు మాత్రం లేదు. గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళ చెయ్యి పట్టుకుని “నన్ను కాపాడండి” అనే రకం. నేను రాసిన ‘నువ్వు’ వల్ల ఆ పిల్ల జమీందారు కూతురైపోయింది.

రెండోసారి భయపడి అందరికీ ‘మీరు’ పెట్టేశాను. అది మరీ ఘోరం. ఇద్దరు ఆడవాళ్ళు స్నానాలగది పక్కన నిలబడి ప్రేమ గురించి మాట్లాడుకుంటుంటే, బ్యాంకులో లోను గురించి మాట్లాడుకుంటున్నట్టుంది.

మూడోసారికి తెలిసొచ్చింది. ఇంగ్లీషులో వాళ్ళ మధ్య దూరం తగ్గడం పేర్లలో తెలుస్తుంది. ‘మిస్ పెట్టిగ్రూ’ కాస్తా ఆవిడ సొంత పేరు ‘గ్వినివియర్’ అవుతుంది. తెలుగు ప్రేక్షకులకి ఆ రెండు పేర్ల మధ్య తేడా చెవికి తగలదు, రెండూ నోరు తిరగని పేర్లే. మనకి ఆ పని చేసిపెట్టేది క్రియ చివర ఉన్న ‘అండి’. అది ఎప్పుడు ఊడిపోతుందో అక్కడ స్నేహం మొదలైనట్టు.

నేను ఊడగొట్టింది డెలీసియా తన అసలు పేరు చెప్పుకునే చోట. లఫాస్ లేదు, ఫ్రాన్సూ లేదు, తను పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన శారా గ్రబ్. ఆ మాట పెట్టిగ్రూతో చెప్పాక ఇక ‘మీరు’ అనడానికి నోరు రాదు. మనింట్లో అమ్మనీ పిన్నినీ ‘నువ్వు’ అంటాం చూడండి, ఆ ‘నువ్వు’. (గ్రబ్ అనే పేరులోని నాటుదనం తెలుగులో రాదని మీరు బాధపడ్డారు. వదిలెయ్యండి. రాజమండ్రి లలితారాణి జయప్రద అయిన దేశం మనది. తెర పేరు వెనక అసలు పేరు ఉంటుందని మీ అమ్మగారికి ఒకరు చెప్పక్కర్లేదు.)

కానీ ఒక జాగ్రత్త. అదే ‘నువ్వు’ ఇంకొకరి నోట్లో తిట్టు అవుతుంది. ఈడిత్ ఉంది కదా, జోతో పెళ్ళి కుదుర్చుకున్నావిడ. పెట్టిగ్రూ నిరుపేదలకి సూపు పోసే చోట వరసలో నిలబడటం ఈవిడ కళ్ళపడుతుంది. ఆ గుట్టు పట్టుకుని బెదిరిస్తుంది. ఈవిడ చేత నలుగురిలో ‘మీరు’ అనిపించి, పక్కకి లాక్కెళ్ళగానే ‘నువ్వు’ అనిపించాను. హాల్లో సరిగ్గా అక్కడ “ఛీ” అని వినబడింది. నేను అదనంగా ఒక్క మాట రాయలేదు. ఒక గంటలో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే మనిషిని ‘మీరు’లోంచి ‘నువ్వు’లోకి దించారు, ఒకరు దగ్గరికి తీసుకుని, ఒకరు కాలికింద పెట్టి. ఇంగ్లీషులో లేని ఈ వెసులుబాటు మనకి ఉంది. వాడుకోండి.

ముగ్గురు మగవాళ్ళకీ ఇదే సూత్రం. ఫిల్‌ని డెలీసియా ‘నువ్వు’ అంటుంది, చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు. నిక్‌ని ‘మీరు’. అక్కడ ‘మీరు’ గౌరవం కాదు, భయం. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఇంటాయనతో మాట్లాడే పద్ధతి. మైఖేల్‌ని మొదటి మాట నుంచే ‘నువ్వు’, అదీ కోపంగా. ప్రేక్షకురాలికి ఎవరు ఎవరో పేర్లు గుర్తుండకపోయినా, ఈ పిల్ల మనసు ఎక్కడుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. చివర్లో నిక్‌ని వదులుకునేటప్పుడు నేను ‘నువ్వు’లోకి మార్చాను. అది నా సొంత పైత్యం, మీరు చెయ్యాలని లేదు.

ఇప్పుడు పెట్టిగ్రూ వదిలే ఆ ఒక్క ‘మీరు’. ఆవిడ డెలీసియాని కూర్చోబెట్టి, ప్రేమ గురించి నేను నిపుణురాలిని కాదు, ప్రేమ లేకపోవడం గురించి మాత్రం నిపుణురాలిని, ఆ గతి నీకు పట్టకూడదు అనే అర్థం వచ్చే మాట అంటుంది. ఇంగ్లీషులో చాలా పొడుగు వాక్యం, కాస్త పుస్తకాల భాష. ‘నిపుణురాలు’ అని రాస్తే చచ్చిపోతుంది. నేను ఇలా రాశాను: “ప్రేమ సంగతి నాకు తెలీదు. అది లేకపోతే ఎలా ఉంటుందో తెలుసు. ఆ బతుకు నీకొద్దు.” ఆ చివరి ‘నీకొద్దు’ కోసం గంటకి పైగా ‘మీరు’ని కాపాడుకుంటూ వచ్చాను. ఇంతకుముందు ఎక్కడైనా పొరపాటున ఆవిడ చేత ‘నువ్వు’ అనిపించి ఉంటే ఇక్కడ ఏమీ జరగదు. అందుకని మొత్తం రాశాక పెట్టిగ్రూ లైన్లు ఒక్కటే విడిగా తీసి చదవండి. నాకు అలా చదివితే నాలుగు చోట్ల ‘నువ్వు’ దొర్లి కనబడింది.

ఒక మినహాయింపు చెప్పాలి. ఇదంతా కోస్తా చెవికి. క్లబ్బుకి వచ్చిన వరంగల్ అబ్బాయి “మా దగ్గర పెద్దోళ్ళని కూడా నువ్వు అంటరు, నాకు ఈడిత్ దగ్గర తప్ప పెద్ద తేడా తెల్వలే” అన్నాడు. నిజమే. మీ అమ్మగారు ఏ ఊరివారో మీరు చెప్పలేదు. ఆవిడ ఇంట్లో పక్కింటి పెద్దావిడతో ఎలా మాట్లాడతారో గమనించి, దాన్నిబట్టి గీత గీసుకోండి.

వరస పిలుపులు మాత్రం పెట్టకండి. ‘అక్కా’ అని రాయాలని చెయ్యి లాగుతుంది, నాకూ లాగింది. ‘ఆంటీ’ అయితే మరీ. వరస కలిపేస్తే వాళ్ళ స్నేహం మనకి మామూలు విషయమైపోతుంది. ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు ఒక్క రోజులో దగ్గరవ్వడం ఇందులో ఉన్న వింత. ‘డార్లింగ్’ కూడా తీసెయ్యండి. డెలీసియా అందరినీ అలాగే పిలుస్తుంది. కానీ మన హాల్లో ఆ మాట తెర మీద పడగానే వెనక వరసలోంచి ప్రభాస్ పేరు వినబడింది. ఇంకో రెండు నిమిషాలు ఎవరూ సినిమా చూడలేదు.

నవ్వు గురించి. ఈ సినిమాలో అన్నిటికంటే పెద్ద హాస్యం ఆకలి. పెట్టిగ్రూ పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఎక్కడికెళ్ళినా ఎదురుగా తిండి ఉంటుంది, నోటిదాకా రాదు. ఆవిడ కళ్ళు పళ్ళెం వెంట తిరుగుతాయి. అక్కడ వెనకాల ఎవరో ఏదో వాగుతూ ఉంటారు. మీరు ఆ వాగుడంతా శ్రద్ధగా తెలుగు చేస్తే, ప్రేక్షకులు కిందకి చూసి చదువుకుంటారు, పైన పళ్ళెం వెళ్ళిపోతుంది. నేను అలాంటి చోట్ల కబుర్లు సగానికి సగం ఎత్తేశాను. మాటల అనువాదకుడికి ఇది కష్టంగా ఉంటుంది, తెలుసు. పాఠకుడు పుస్తకాన్ని ఆపుకోగలడు, సినిమా ఆగదు.

లెక్కల కోసం అడిగారు కాబట్టి: నేను ఒకసారికి రెండు లైన్లు దాటను. సెకను కంటే తక్కువసేపు ఏదీ ఉంచను, ఆరు సెకన్లు దాటనివ్వను. పెద్దవాళ్ళ కోసమైతే ఇంకొంచెం నిదానంగా. సాఫ్ట్‌వేర్ చూపించే అక్షరాల లెక్కని నమ్మకండి. ‘స్త్రీ’ మనకి ఒకే అక్షరం, కంప్యూటర్ దాన్ని ఆరుగా లెక్కపెడుతుంది, పొల్లునీ గుణింతపు గుర్తునీ కూడా విడివిడిగా ఎంచుతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళకి పెట్టే అక్షరాల హద్దులే పెట్టుకుంటే అనవసరంగా వాక్యాలు నరుక్కుంటారు. గడియారం పెట్టుకుని గట్టిగా చదివి చూడటమే నా పద్ధతి. ఫైలు యూటీఎఫ్-8లో (కంప్యూటర్ తెలుగు అక్షరాల్ని గుర్తుపట్టే పద్ధతి) దాచండి. అక్షరం సైజు కాస్త పెద్దది పెట్టి, రెండు లైన్ల మధ్య ఎడం ఎక్కువ ఉంచండి, లేకపోతే పైలైను వత్తులు కిందలైను గుడుల మీద కూర్చుంటాయి. ఒక కాలేజీలో వేసినప్పుడు వాళ్ళ పాత ప్లేయర్‌లో వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. పది నిమిషాలు చూసి, ఆపేసి, నా లాప్‌టాప్ తగిలించాం. చూపించబోయే టీవీలోనే ముందురోజు వేసి చూసుకోండి.

పదాల విషయం. ‘గవర్నెస్’కి ‘ఆయా’ అని రాశారట. వద్దు. ఆయా అంటే పిల్లల్ని ఎత్తుకునే మనిషి. గవర్నెస్ ఇంట్లోనే ఉండి చదువూ మర్యాదా నేర్పే మనిషి, చదువుకున్నది, కానీ ఆ ఇంట్లో చుట్టమూ కాదు, పనిమనిషీ కాదు. నేను మొదటిసారి ‘ఇంటి పంతులమ్మ’ అని, తర్వాత నుంచి ‘గవర్నెస్’ అనే ఉంచేశాను. జో ఆడవాళ్ళ లోదుస్తులు తయారుచేసే డిజైనర్. సిగ్గుపడి ‘బట్టల వ్యాపారి’ అని మార్చకండి. ఎందుకంటే అతను పెట్టిగ్రూతో తను మొదట్లో మగవాళ్ళ మేజోళ్ళు చేసేవాణ్ణని మురిపెంగా చెప్పుకుంటాడు, ఆ పోలిక ఉంటేనే అందం. అన్నట్టు ‘సాక్స్’ అని రాయకండి. ‘మేజోళ్ళు’ అన్న మాట ఇలాంటి సినిమా కోసమే మిగిలి ఉన్నట్టుంటుంది. ఆ మాట చూసి క్లబ్బులో ముసలివాళ్ళు నవ్వారు, పాత స్నేహితుడు కనబడినట్టు.

పాతకాలం సినిమా కదా అని గ్రాంథికం మాత్రం వద్దు. “ఏమి నీ దుస్సాహసము” ధోరణిలోకి వెళ్తే పౌరాణికం అయిపోతుంది. మామూలు తెలుగే రాసి, ఈమధ్య పుట్టిన మాటలు ఏరెయ్యండి: బాయ్‌ఫ్రెండ్, బ్రేకప్, ఓవర్ యాక్షన్ లాంటివి. మీ పదిహేనో లైనులో ‘టెన్షన్ పడకండి’ అని ఉంది. మనం రోజూ అనే మాటే, కానీ 1939 నాటి పెట్టిగ్రూ నోట్లో ‘కంగారు పడకండి’ చాలు.

యుద్ధం గురించి మీరు ఒక ముక్క అడిగి వదిలేశారు: ఇంత సరదా సినిమాలో సైరన్లెందుకు, ఆ లైన్లు తేలిగ్గా రాయాలా బరువుగా రాయాలా అని. నవల 1938లో వచ్చింది, రాసినావిడకి ఏడాదిలో ఏం జరగబోతోందో తెలియదు. అందులో యుద్ధం ఊసు లేదు. సినిమా తీసినవాళ్ళకి తెలుసు. 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. పార్టీలో ఉన్న ఆ కుర్రకారు ఎక్కడికి పోబోతున్నారో తెలిసి తీశారు. పార్టీ జరుగుతుండగా ఆకాశంలో విమానాలు పోతాయి, కుర్రాళ్ళు కేరింతలు కొడతారు. పెట్టిగ్రూ, జో మాత్రం కొట్టరు. వీళ్ళకి పోయిన యుద్ధం గుర్తులేదు అని ఆవిడ అంటుంది, లేదు అని అతను. ఆవిడ ప్రేమించినవాడు ఆ పోయిన యుద్ధంలోనే చచ్చిపోయాడు.

ఇంగ్లీషులో అక్కడ ‘యుద్ధం’ అనే మాట లేదు. నేను మొదట ‘మొదటి ప్రపంచ యుద్ధం’ అని రాశాను, బుద్ధి తక్కువై. 1939లో ఎవరైనా దాన్ని ‘మొదటిది’ అంటారా, రెండోది రాకుండానే! తర్వాత “పోయినసారి వీళ్ళకి గుర్తులేదు” అని మార్చాను. అసలు మాట పైకి చెప్పకుండా వాక్యం నడిపించడం తెలుగుకి వెన్నతో పెట్టిన విద్య. బరువు దానంతటదే వస్తుంది, మీరు ఎక్కించక్కర్లేదు.

విశాఖలో ఆ లైను దగ్గర నేను అనుకోనిది ఒకటి జరిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి కదా. మా క్లబ్బులో ఒక పెద్దావిడకి అప్పుడు నాలుగేళ్ళట. సినిమా అయ్యాక “మా నాన్న మమ్మల్ని బండెక్కించి విజయనగరం పంపించేశాడు, ఆయన ఒక్కడూ ఊళ్ళో ఉండిపోయాడు” అని చెప్పింది. జో, పెట్టిగ్రూల ప్రేమ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మీ అమ్మగారి స్నేహితురాళ్ళలో అలాంటివారుంటే సినిమా అయ్యాక అరగంట టైము పెట్టుకోండి.

మైఖేల్ పియానో వాయిస్తుంటే డెలీసియా పాడే పాట ఉంది. 1939లో ఇంక్ స్పాట్స్ బృందం పాడి బాగా పేరు తెచ్చిన పాటే అది. దాన్ని తెలుగు పాటగా కట్టాలని చూడకండి. మొదటి రెండు పాదాల భావం ఇచ్చి ఆపెయ్యండి. ఆ తర్వాత ఆ పిల్ల మొహం చూస్తే చాలు.

చివరిది, జో. మీ డ్రాఫ్టులో స్టేషన్ సీనులో జో చేత ‘నువ్వు’ అనిపించారు, ప్రేమ చెప్పేశాడు కాబట్టి. నాకు అది నచ్చలేదు. కుర్ర జంటకి ‘నువ్వు’ ఎంత సహజమో, ఈ వయసువాళ్ళకి ‘మీరు’ అంత. ఆ రోజంతా ఆవిడని పొమ్మన్నవాళ్ళు, బెదిరించినవాళ్ళు, పనికి వాడుకున్నవాళ్ళు ఉన్నారు. అండీ అండీ అంటూ పక్కన కూర్చుని ఆవిడ చెప్పేది విన్నవాడు ఇతనొక్కడే. రెండో అవకాశం అంటారే, ఆవిడకి అది వచ్చిన దారి అదే. దాన్ని ఆఖరి నిమిషంలో తీసెయ్యకండి.

అక్కడ నేను ఐదు సబ్‌టైటిళ్ళు రాసుకుని, మూడు తీసేశాను. మా హాల్లో ఒకావిడ సినిమా మొదటినుంచీ పక్కావిడకి కళ్ళజోడు లేదని ప్రతి లైనూ పైకి చదివి వినిపిస్తోంది. స్టేషన్ సీను వచ్చేసరికి చదవడం ఆపేసింది. పక్కావిడ కూడా ఏమని అడగలేదు.

మీ ఫైలు మొత్తం అయ్యాక పంపండి, పెట్టిగ్రూ లైన్లు నేను ఒకసారి చూసిపెడతాను.